ఖలాసీ తల తిప్పిన నాలుగు సెకన్లు

పూణేలో మూడేళ్లు ఫిల్మ్ ఎడిటింగ్ చదువుకున్నాను. తర్వాత కలకత్తాలో ఒక ఎడిటరు దగ్గర ఏడాది అసిస్టెంటుగా చేశాను. ఆయనకే పనులు సన్నగిల్లడంతో జంషెడ్‌పూర్ తిరిగొచ్చేశాను. డెబ్బైల చివరి రోజులవి. అక్కడ సీతారాండేరా బస్తీలో మాది రెండు గదుల ఇల్లు. నాన్న ఉక్కు కార్ఖానాలో క్రేన్ డ్రైవరు. కుర్రతనంలో శ్రీకాకుళం వైపు నుంచి ఖలాసీగా వచ్చి, నేల మీద బరువులకు గొలుసులు తగిలించే పని చేసి చేసి, చివరికి కప్పు కింద తిరిగే క్రేన్ కేబిన్ దాకా ఎక్కిన మనిషి.

నేను చదివిందేమిటో ఇంట్లో ఎవరికీ సరిగ్గా తెలీదు. అమ్మ ఓ రోజు వంకాయలు తరుగుతూ అడిగేసింది.

"ఇంతకీ నువ్వు సినిమా తీత్తావా, అందులో ఆడతావా?"

"రెండూ కాదమ్మా. వేరేవాళ్లు తీసింది కోసి, వరసలో అతికిస్తాను."

"ఒకలు తీసింది కొయ్యడమేటి, మల్లీ అతకడమేటి?" అని ఇంకో వంకాయ అందుకుని, "సర్లే, సెయ్యి తిన్నగుండాల గావాల," అంది. ఆ రోజుల్లో నా మీద అంత నమ్మకం పెట్టుకున్నవాళ్లు వేరే లేరు.

పని మాత్రం నాన్న వల్ల దొరికింది. ఊరి బయట గమ్హరియాలో ఒక చిన్న ఫ్యాక్టరీ ఉండేది. అక్కడి సేఫ్టీ ఆఫీసరు, బరువులెత్తేటప్పుడు తీసుకోవలసిన జాగ్రత్తల మీద కార్మికులకు చూపించడానికి ఒక ఫిల్ము తీయించాడు. తీసినాయన రీళ్లు అప్పగించి వెళ్లిపోయాడు. వాటిని ఒక వరసలో కూర్చేవాళ్లు లేరు. ఈ సంగతి ఎవరో చెబితే నాన్న సైకిలేసుకుని వెళ్లి, ఆఫీసరుతో మాట్లాడి వచ్చాడు.

"ఏమని చెప్పావు నాన్నా?"

"మా గుంట ఫిల్ము ఫిట్టరు అని సెప్పేను. రేపు తీసుకురా అన్నాడు." మా వైపు గుంటంటే ఆడపిల్ల.

ఆఫీసు వెనక స్టోర్ రూములో నాకు చోటిచ్చారు. ఒక బల్ల, దానికి బిగించిన రెండు చేతి చక్రాలు, వాటి మధ్య బొమ్మ కనిపించే చిన్న పెట్టె, ఫిల్ము కోసి అతికే సాధనం ఒకటి. కోసి తీసేసిన ముక్కలు పడటానికి పాత దుప్పటి పరిచిన వెదురు బుట్ట. పూణేలో నా చేతివేగాన్ని మెచ్చుకునేవారు. ఆ మెప్పు ఇంకా తలకెక్కే ఉంది. ఎక్కడ కాస్త సాగినట్టనిపించినా కోసి బుట్టలో పడేశాను. పది రోజుల్లో మొదటి కూర్పు తయారైంది. చకచకా పరిగెత్తుతోందని నాకు నేనే మురిసిపోయాను.

నాన్న తన సెలవు రోజున క్యారేజీ పట్టుకుని, ఖర్కాయి నది వంతెన దాటి అంత దూరమూ సైకిలు తొక్కుకుంటూ వచ్చాడు. ఇద్దరం తిన్నాక ఆయన్ని స్టూలు మీద కూర్చోబెట్టి, చక్రం తిప్పుతూ నా పని చూపించాను. తెర మీద ఖలాసీ ఇనప దూలానికి గొలుసు తగిలించాడు. చెయ్యెత్తి పైకి సైగ చేశాడు. దూలం లేచింది.

"ఆపు," అన్నాడు నాన్న. "ఈడు కింద సూసుకోకుండానే సెయ్యెత్తేసినాడేటి?"

"చూశాడు నాన్నా. నాలుగు సెకన్లు అటూ ఇటూ చూశాడు. నేనే కోసేశాను."

"ఎందుకు కోసీసినావు?"

"అక్కడేమీ జరగట్లేదు కదా."

నాన్న నా మొహం కేసి చూశాడు. కోపం లేదు. చిన్నప్పుడు లెక్క తప్పు చేస్తే చూసినట్టు చూశాడు.

"ఏటీ జరగట్లేదా? సూడమ్మా, నాను పైన కేబిన్‌లో కూకుంటే కిందోడి కళ్లు నాకు అవుపడవు. తల తిరిగిందా నేదా, అదే సూత్తాను. తల తిరక్కుండా సెయ్యి లేత్తే నాను బరువెత్తను. ఓపాలి అలగే ఎత్తనేదు. ఫోర్‌మేను కింద నుంచి తిట్టిన తిట్టు తిట్టకుండా తిట్టినాడు. తీరా సూత్తే దూలం ఎనకాల ఒకడు కూకుని బూటు తాడు కట్టుకుంతన్నాడు."

ఆ మాట ఆయన ఇంట్లో ఎప్పుడూ చెప్పలేదు. నేను చప్పున లేచి బుట్ట దగ్గరికి వెళ్లాను. అందులో వందల ముక్కలు, ఒకదానికొకటి చుట్టుకుపోయి ఉన్నాయి. నాన్న కూడా చొక్కా చేతులు మడుచుకుని కింద కూర్చున్నాడు. అంచులు పట్టుకోవాలని, మధ్యలో వేలు పెట్టకూడదని చెప్పాను. ఒక్కో ముక్కా కిటికీ వెలుగుకు ఎత్తి చూస్తూ పక్కన పెట్టాం. మధ్యాహ్నమంతా అదే పని. చివరికి దొరికింది ఆయనకే.

"ఇదిగో! ఈ బొమ్మలో ఇటున్నాడు, ఈ బొమ్మకి అటు తిరిగినాడు. ఓలమ్మా, ఒక్క తల తిప్పడానికి ఇన్ని బొమ్మలా?"

ఆయన ముందే ఆ ముక్కను తిరిగి అతికాను. అతుకు ఆరేదాకా ఆయన దాని మీదకు వంగి చూస్తూనే ఉన్నాడు.

తర్వాత వారం ఆఫీసరు చూశాడు. సరిగ్గా అక్కడే చెయ్యి ఊపాడు. "యహాఁ ఫిల్మ్ రుక్ జాతీ హై," అన్నాడు, ఇక్కడ నిలిచిపోతోందని.

"కామ్ యహీఁ సే షురూ హోతా హై, సార్," అన్నాను. పని మొదలయ్యేది ఇక్కడేనని. ఆయన ఇంకోసారి చక్రం తిప్పించి చూశాడు. ముందు కార్మికులకు చూపిద్దామని, వాళ్లు విసుక్కుంటే తీసేద్దామని ఒప్పుకున్నాడు.

షిఫ్టు మారే వేళ క్యాంటీన్ కిటికీలకు గోనెపట్టాలు కట్టి ఫిల్ము వేశారు. అందరూ టీ తాగుతూ, తమ షెడ్డు కనిపించినప్పుడల్లా ఈలలు వేస్తూ చూశారు. ఖలాసీ గొలుసు తగిలించాడు. ఎడమకు చూశాడు, కుడికి చూశాడు, వంగి దూలం కిందకు చూశాడు. ఈలలు ఆగాయి. వెనక బెంచీ మీద నుంచి ఒక పెద్దాయన గట్టిగా, "సహీ! అబ్ ఉఠా!" అని అరిచాడు, సరిగ్గా ఉంది ఇక ఎత్తమని తానే క్రేన్‌కు చెబుతున్నట్టు. అప్పుడు తెర మీద చెయ్యి లేచింది. క్యాంటీనంతా నవ్వులు. ఆఫీసరు నా వైపు తిరిగి తలూపాడు.

ఆ ఫిల్ము చూసి ఇంకో రెండు ఫ్యాక్టరీలు పిలిచాయి. ఆఫీసరు రాసిచ్చిన ఉత్తరం పట్టుకుని మళ్లీ కలకత్తా వెళ్లాను. అక్కడ డాక్యుమెంటరీలు తీసే ఒకావిడ దగ్గర ఐదేళ్లు చేశాను. ఎనభైలు సగం గడిచేసరికి కథాచిత్రాల పనీ రావడం మొదలైంది.

సెలవులకు ఇంటికొచ్చినప్పుడల్లా, చేతిలో ఉన్న సినిమా కథ చెప్పమనేవాడు నాన్న. వాకిట్లో నులకమంచం మీద కూర్చుని శ్రద్ధగా వినేవాడు. మధ్యలో ఆపి, "ఆగాగు. ఆ ఆడమనిసి ఏడుత్తంటే, పక్కనున్నోడు ఏటి సేత్తన్నాడు?" అని అడిగేవాడు. ఒక్కోసారి ఆ పక్కనున్నవాణ్ణి నేను గమనించే ఉండేదాన్ని కాదు. అప్పుడు తిరిగి కలకత్తా చేరగానే, చెప్పులు విప్పీ విప్పకుండానే ఆ సీను రీలు తీయించుకుని మళ్లీ చూసేదాన్ని.