నాయన ఆర్పని కర్పూరం

దేవుడంటే భయం లేనివాడు దేనికైనా తెగిస్తాడని మా బడిలో పిల్లలకు నేనే చెప్పేదాన్ని. కేజీఎఫ్‌లో హైస్కూలు టీచర్ని. వారానికొక పీరియడ్ నీతిబోధ ఉంటుంది. అది ఎవరికీ పట్టదు కాబట్టి నా నెత్తిన వేశారు. ఆ పీరియడ్‌లో ఈ మాట చెప్పి, పిల్లలు తలలూపుతుంటే తృప్తిపడి, సాయంత్రం కామసముద్రం బస్సెక్కి ఊరికి వచ్చేదాన్ని. నన్ను ఇచ్చింది ఊళ్ళోనే. మా వీధి దాటితే పుట్టిల్లు. ఆ ఇంట్లో మా నాయన ఉన్నాడు, దేవుడంటే భయం మాట అటుంచి, నమ్మకమే లేని మనిషి. నేను చెప్పే పాఠం ముందుగా ఆయనకే తగులుతుందని నాకు ఒక్కరోజూ తోచలేదు.

నాయనది గొడవపడే నాస్తికత్వం కాదు. అమ్మ దీపం పెడుతుంటే వత్తులు అందించేవాడు. జాతరకు పందిరి గుంజలు నాటేవాడు. గుడి లోపలికి మాత్రం పోడు, తీర్థం పుచ్చుకోడు. ఎందుకని ఎవరైనా గుచ్చి అడిగితే, "నాకు నమ్మకం లేదప్పా. లేనిదాన్ని ఉండాదని ఎట్లా చెప్పేది?" అనేవాడు. అక్కడితో సరి.

ఊరి పాల సొసైటీని మేం డైరీ అంటాం. అందులో నాయన టెస్టరు. జనం తెచ్చిన పాలలో లాక్టోమీటర్ వేసి చూసి, నీళ్ళు కలవలేదని తేలితేనే క్యాన్‌లో పోయించడం ఆయన పని. ఒకసారి అమ్మ బకెట్ కడిగిన నీళ్ళు పూర్తిగా వంచకుండానే పాలు పిండుకొచ్చింది. లాక్టోమీటర్ ఎక్కువ మునిగింది. వరసలో అందరూ చూస్తుండగా నాయన ఆ పాలు వెనక్కి పంపేశాడు. అమ్మ వారం రోజులు ఆయనతో మాట్లాడలేదు. సంగటి ముద్ద మాత్రం పెట్టేది, కంచం మోగేలా పెట్టేది.

డైరీ సెక్రటరీ నాయనకు చిన్నాన్న కొడుకు, నాకు చిన్నాయన. మహాభక్తుడు. నొసటన విభూతి లేకుండా ఆయన్ని నేనెప్పుడూ చూడలేదు. శనివారం ఉపవాసం, ఏటా కొండకు కాలినడక. డైరీ గదికి తాళంచెవులు రెండే. ఒకటి ఆయన దగ్గర, ఇంకొకటి నాయన దగ్గర.

నాలుగేళ్ళ కింద ఒక ఎండాకాలం, పాలు చల్లబరిచే చిల్లింగ్ సెంటర్ నుంచి మా ఊరి క్యాన్లన్నీ తిరిగి వచ్చాయి. నీళ్ళు కలిశాయన్నారు. పాలన్నీ మోరీ కాలవలో పోసేశారు. గడ్డి దొరకని రోజుల్లో ఆవుల్ని మేపి పిండిన ఆడవాళ్ళు కొంగు నోటికి అడ్డం పెట్టుకుని చూస్తూ నిలబడ్డారు. డైరీలో అందరి ముందూ లాక్టోమీటర్ వేసినప్పుడు పాలు బాగానే ఉన్నాయి. అంటే గదిలో పెట్టాక, లారీ వచ్చేలోగా ఎవరో నీళ్ళు పోశారు. ఆ గదిలోకి పోగలిగింది ఇద్దరే.

మా వైపు ఇలాంటివి పోలీసుల దాకా పోవు. తలమీద నీళ్ళు పోసుకుని, తడిబట్టలతో గంగమ్మ గుడి ముందు నిలబడి, వెలిగే కర్పూరాన్ని అరచేత్తో ఆర్పి, నేను చేయలేదని చెప్పాలి. చెబితే ఊరు నమ్ముతుంది. అబద్ధమైతే అమ్మవారే చూసుకుంటుందని వదిలేస్తారు.

చిన్నాయన తడిపంచెతో ముందుకొచ్చాడు. "నేను పోసుంటే నా కాళ్ళూ చేతులూ పడిపోనీ తల్లీ!" అని ఒక్క చరుపుతో కర్పూరం ఆర్పేశాడు. ఆడవాళ్ళు చేతులెత్తి మొక్కారు. నేనూ మొక్కాను.

నాయన పొడిబట్టలతోనే వచ్చాడు. "నేను పోయలేదు. యాడ అడిగినా, ఎవరడిగినా ఇదే చెప్తాను. కర్పూరం మాత్రం ఆర్పను" అన్నాడు.

"ఒక్క నిమిషం పని గదప్పా. ఆర్పేస్తే అయిపోతాది" అన్నాడు ఊరి పెద్ద ఒకాయన.

"నమ్మకం లేనోడికి అది ఒట్టి కర్పూరమే గదన్నా. నిజం చెప్పినా ఆర్పుతాను, అబద్ధం చెప్పినా ఆర్పుతాను. దాన్ని చూసి మీరు నన్ను నమ్మితే, మిమ్మల్ని మోసం చేసినట్టే గదా. అది నాతో కాదు."

ఇంత తేటగా చెప్పిన మాట ఒక్కరికీ ఎక్కలేదు. ‘ఆర్పను’ అన్న మాట ఆ గుడి గడప దాటేలోగా ‘ఆర్పలేకపోయాడు’ అయింది. మర్నాటికి ‘దేవుడు లేడనేవాడు కూడా దేవుడికి భయపడ్డాడు చూడండి’ అయింది. నాయన పని పోయింది. పొద్దున్నే తన పాలచెంబుతో వరసలో నిలబడేవాడు. కొత్త టెస్టరు అందరి పాలూ ఒకసారి చూసి, మా పాలు రెండుసార్లు చూసేవాడు. నాయన రెండోసారి అయ్యేదాకా నిలబడేవాడు.

ఊరి సంగతి అలా ఉంచండి. నా సంగతి చెప్పాలి.

కర్పూరం సంగతి జరిగిన రోజే నేను పుట్టింటికి పోయాను. నాయన కొట్టంలో రాగి గడ్డి తరుగుతున్నాడు. "నాయనా, నాతోనైనా నిజం చెప్పు" అన్నాను.

కత్తి ఆపి నా మొహం చూశాడు. "పోయలేదమ్మా" అని మళ్ళీ తరగడం మొదలుపెట్టాడు.

నాకు నమ్మకం కుదరలేదు. చేయనివాడికి ఆర్పడానికేం నొప్పి అని ఊరంతా అనుకున్నట్టే నేనూ అనుకున్నాను. అత్తగారింట్లో ఎవరైనా ఆ మాటెత్తితే తలొంచుకుని అన్నం కలుపుకునేదాన్ని. ఒక్కసారి కూడా మా నాయన అలాంటివాడు కాదని నా నోట రాలేదు. అంతకన్నా సిగ్గుమాలిన పని ఇంకొకటి చేశాను. బడిలో నీతి పీరియడ్‌లో, ఊరూ పేరూ చెప్పకుండా, నాయన కథే పిల్లలకు చెప్పాను. దేవుణ్ణి నమ్మని ఒకాయన ఉండేవాడు, పాలలో నీళ్ళు పోశాడు, ప్రమాణం చేయమంటే వెనక్కి తగ్గాడు అని. పిల్లలు బాగా విన్నారు.

పోయిన ఏడాది ఒక సాయంత్రం బస్సులో చిన్నాయన కనబడ్డాడు. గుండు, గుండు మీద గంధం, చేతిలో ప్రసాదం సంచి. ఎడమకాలు ఈడ్చుకుంటూ వచ్చి నా పక్కన కూర్చున్నాడు.

"కొండకు పోయొస్తా ఉన్నానమ్మా. తప్పుకాణిక వేసొచ్చినాను" అన్నాడు. మొక్కు తప్పినా, అబద్ధపు ప్రమాణం చేసినా స్వామీ కాచుకో అని హుండీలో వేసే డబ్బును మేం తప్పుకాణిక అంటాం.

"ఏం తప్పు చిన్నాయనా?"

ప్రసాదం నా చేతిలో పెట్టి గొంతు తగ్గించాడు. "ఆ పాలలో నీళ్ళు పోసింది నేనేనమ్మా. టౌన్‌లో స్వీటంగడికి పాలిస్తానని ఒప్పుకుంటి. క్యాన్లలో ఎన్ని పాలు తీస్తే అన్ని నీళ్ళు పోసినాను. ఈ కాలు ఇట్లా అయినప్పుడే నాకు తెలిసిపోయింది, అమ్మవారు పట్టుకుంది అని. గుడిలో అంతా చెప్పుకున్నాను. ఇంగ మనసు తేలికైపోయిండాది."

"మా నాయనకు చెప్పినావా?"

నిజంగానే ఆశ్చర్యపోయాడు. "ఆయనకెందుకమ్మా? ఆయన దేవుణ్ణే నమ్మడు గదా!"

అప్పటికి ప్రసాదం నా నోట్లో ఉంది. ఉమ్మేయలేక మింగాను. నేను పిల్లలకు చెప్పిన భయం ఈయన్ని నీళ్ళు పోయకుండా ఆపలేదు. కర్పూరం ఆర్పకుండానూ ఆపలేదు. కాలు పడిపోయాక గానీ ఆ భయం లేచి రాలేదు, వచ్చాక కూడా కొండకు పోయింది గానీ మా ఇంటి దారి పట్టలేదు. ఏ భయమూ లేని మనిషి ఒక్క నిమిషం పని చేయనని ఊరంతటి ముందు పరువు పోగొట్టుకున్నాడు. ఇంత చదివి ఇంత చెప్పి నేను ఎవరి పక్కన నిలబడ్డానో అప్పుడు తెలిసింది. నా మీద నాకే అసహ్యం వేసింది.

బస్సు దిగి ఇంటికి పోయి, కాళ్ళు కడుక్కుని, ముందు దేవుడి పటం ఎదుట నిలబడి తప్పయింది తప్పయిందని లెంపలేసుకున్నాను. ఆ తర్వాతే నాయన దగ్గరికి పోయాను.

అంతా చెప్పాను. నాయన అరుగు మీద కూర్చుని విన్నాడు. కోపం వస్తుందేమో, ఏడుస్తాడేమో అనుకున్నాను. "వాని కాలికి డాక్టరు ఏమన్నాడంట?" అని అడిగాడు.

"నాయనా, ఊళ్ళో అందరికీ చెప్తాను. నువ్వు పోయలేదని ఇప్పుడు తెలిసింది గదా" అన్నాను.

"నేను ఆ పొద్దే చెప్పినాను గదమ్మా" అన్నాడు నాయన.

గొంతులో కోపం లేదు. లేచి ఆవుకు నీళ్ళు పెట్టడానికి పోయాడు. వెంట పోయి తప్పయింది, మన్నించు అని అడుగుదామనుకున్నాను. పటం ముందు గడగడా వచ్చిన ఆ మాట నాయన ముందు నోరు దాటలేదు. ఏడాదైంది, రోజూ ఆ ఇంటికి పోతూనే ఉన్నాను. ఇంకా అడగలేదు.