సున్నం కింద గోళ్ళు

నా చిన్నప్పుడు పిడుగురాళ్లలో మా వీధి మగవాళ్ళందరిదీ ఒకటే రంగు. నలుపు కాదు, చామనఛాయ కాదు, సున్నం రంగు. మా నాన్న సున్నపు బట్టీలో పనిచేసేవాడు. కనుబొమలు, పెదవులు, చేతులు అన్నీ తెల్లగా చేసుకుని ఇంటికొచ్చేవాడు. దగ్గు వస్తే బెల్లం ముక్క నమిలేవాడు. బెల్లం తింటే గొంతులోని దుమ్ము దిగిపోతుందని బట్టీలో అందరి నమ్మకం. మాకూ ఓ ముక్క దొరికేది కాబట్టి మేం ఇంకా గట్టిగా నమ్మేవాళ్ళం.

ఒకసారి నాన్నకు దగ్గుతో పాటు జ్వరం పట్టుకుంది. అయినా పని మానలేదు. రెండు రోజులు రాత్రీ పగలూ రొప్పుతూనే ఉన్నాడు. మూడో రోజు మధ్యాహ్నం పని సగంలో వదిలేసి వచ్చి, చేతులైనా శుభ్రం చేసుకోకుండా గోడకు ఆనుకుని కళ్ళు మూశాడు. కాసేపటికి రొప్పు తగ్గింది. అమ్మ ప్రాణం కుదుటపడింది.

"రెండు రోజుల్నించి కన్ను మూయలా మీ నాన్న. ఇప్పటికి నిద్ర పట్టింది. ఏమే, చప్పుడు చేశావో, వీపు విమానం మోత మోగిద్ది" అని నన్ను గుమ్మంలో కాపలా కూర్చోబెట్టింది.

నేను మహా శ్రద్ధగా కాపలా కాశాను. పక్కింటి అక్క వస్తే ఆమెనూ ఆపాను. అక్క ఎక్కడో సర్కారు ఆసుపత్రిలో నర్సు, సెలవు మీద ఇంటికి వచ్చింది. గుమ్మంలో నిలబడే నాన్నను కాసేపు చూసింది. తర్వాత నన్ను పక్కకు జరిపి లోపలికి వెళ్ళి, ఆయన భుజం పట్టుకుని గట్టిగా కుదిపింది. అమ్మకు ఒళ్ళు మండిపోయింది.

"బాబాయ్, ఒక్క గుక్కలో ఇరవై దాకా లెక్కపెట్టు" అంది అక్క. నాన్న కళ్ళు సగం తెరిచి, నాలుగు దగ్గర ఆగిపోయి, మళ్ళీ పక్కకు వాలాడు.

అక్క కొబ్బరినూనె తెమ్మంది. బట్టీ సున్నాన్ని మేం నీళ్ళతో కడగం, మండుతుంది. ముందు నూనెతో తుడవాల్సిందే. ఆమె తన కొంగుకే నూనె అద్ది నాన్న చెయ్యి, పెదవులు తుడిచింది. ఆ తెలుపు కింద గోళ్ళు నేరేడుపండు రంగులో ఉన్నాయి. పెదవులూ అంతే. ఎప్పటినుంచి అలా ఉన్నాయో, సున్నం మాకు కనపడనివ్వలేదు.

"పిన్నీ, ఇది నిద్ర కాదు. రొప్పీ రొప్పీ ఊపిరి తీసే సత్తువ అయిపోయింది. నెత్తురుకు గాలి అందట్లా" అని నెమ్మదిగా చెప్పింది. అక్క వెంటనే రోడ్డు మీదికి పోయి, అడ్డంగా నిలబడి సున్నం లారీని ఆపింది. నాన్నను డ్రైవరు పక్కన కూర్చోబెట్టి, దారి పొడుగునా బాబాయ్ బాబాయ్ అని పిలుస్తూ నరసరావుపేట తీసుకుపోయింది. అక్కడ ఆక్సిజన్ పెట్టారు. ఇంకొంచెం ఆలస్యమైతే మనిషి దక్కేవాడు కాదన్నారట.

నాన్న దక్కాడు. బట్టీ మానేసి, దగ్గుతూనే అయినా, నా పెళ్ళి కూడా చేశాడు. ఆ అక్కకు అప్పటికి పాతికేళ్ళు కూడా లేవు. మేమంతా హమ్మయ్య అనుకున్న చోట ఆమె ఒక్కతే భయపడింది. అంత తెలివి, అంత తెగువ నేను మళ్ళీ ఎవరిలోనూ చూడలేదు. నేను ఎంత గొప్పగా కాపలా కాశానో తలుచుకుంటే మాత్రం ఇప్పటికీ ఒళ్ళు జలదరిస్తుంది.

ఇప్పుడు నెత్తుర్లో ఆక్సిజన్ ఎంతుందో వేలికి తగిలించి చూసుకునే చిన్న మిషన్లు వచ్చాయి, మా ఇంట్లోనూ ఒకటుంది. అయినా ఆయాసపడే మనిషి ఉన్నట్టుండి నెమ్మదిస్తే నాకు మనసొప్పదు. లేపి మాట్లాడిస్తాను. మొన్న మా ఆయన జ్వరంతో పడుకుంటే అలాగే కుదిపి లేపాను. "నీకేమన్నా పిచ్చి పట్టిందా ఏంది, పడుకున్నోణ్ణి పడుకోనీయకుండా నా ప్రాణం తోడేస్తన్నావు" అని ఒక్క గుక్కలో తిట్టాడు. ఆ తిట్టు చివరిదాకా విని, నిశ్చింతగా వెళ్ళి టీ పెట్టాను.