పీటర్ కాక ఆరో వేలు

2022 జూన్. గోదావరిఖని బస్టాండు వెనక సందులో, జిరాక్స్ షాపును ఆనుకుని ఉన్న గది నా ఆఫీసు. ఆఫీసంటే ఒక బల్ల, రెండు కుర్చీలు, ఒక కంప్యూటర్. బొగ్గు కంపెనీ పర్సనల్ డిపార్ట్‌మెంట్‌లో క్లర్కుగా చేసి రిటైరయ్యాక, ఇంట్లో ఊరికే కూర్చోలేక వంశవృక్షాలు గీసే పని పెట్టుకున్నాను. జీనియాలజీ అంటారు దీన్ని. ఎవరి తాత ఎవరు, ఏ ఊరినుంచి వచ్చాడు, ఏ రిజిస్టర్లో దొరుకుతాడు అని వెతికి కాగితం మీద పెట్టడం. ఖనిలో ప్రతి ఇల్లూ ఎక్కడినుంచో వచ్చిందే కాబట్టి పనికి కొదవ లేదు. కాగితం చూపిస్తే తప్ప ఎవరి మాటా నమ్మని మనిషిని నేను. కాగితం చూపిస్తే మాత్రం కళ్ళు మూసుకుని నమ్మేవాణ్ణి. ఆ రోగం ఎలా కుదిరిందో చెబుతాను.

మార్గరెట్ టీచర్ ఒకరోజు స్కూలు వదలగానే వచ్చింది. యాభై దాటిన మనిషి, మాట గట్టిది.

"రాజన్నా, మా నాయినకు దమ్ము ఎక్కువైంది. డాక్టరు ఏం చెప్తలేడు. గోరీ మీది రాయి నేనుండంగనే చేపియ్యి బిడ్డా, మా డచ్చి తాతల పేర్లన్నీ చెక్కియ్యి అంటుండు. రాయి కూడ తెచ్చి పెట్టిన. పేర్లే లేవు."

ఆమె తండ్రి డెక్కర్ పీటర్. ఖనిలో పాతవాళ్ళందరికీ పీటర్ కాక. తమ మూలపురుషుడు హాలండ్ నుంచి ఓడలో బందరుకు వచ్చాడని చర్చిలో, క్యాంటీన్లో, షిఫ్టు దిగి స్నానాలు చేసేచోట పీటర్ కాక చెప్పని రోజు ఉండేది కాదు. "దొరగారి మనవడా, తట్ట ఎత్తు" అని తోటివాళ్ళు ఏడిపించేవారు. కాకకు అదీ సంతోషమే.

నా ఫారంలో మొదటి గడి తండ్రిది, రెండోది తల్లిది. రెండో గడి దగ్గరకు రాగానే టీచర్ నా చేతిలో పెన్ను లాగేసినంత పని చేసింది.

"అమ్మది వద్దన్నా. నాయిన వైపే రాయి."

"మీ అమ్మ సుగుణక్క పోయి ఆరేళ్ళే కదా టీచర్. పేరు రాస్తే తప్పేంది?"

"వద్దంటే వద్దు" అంది. నేను గడి ఖాళీగా వదిలేశాను. కస్టమర్ ఇష్టం అనుకున్నాను.

ఈ పనిలో రెండు చివరలనుంచీ తవ్వుకుంటూ రావాలి. ఈ చివర సులువే. టీచర్ చేత దరఖాస్తు పెట్టించి, పీటర్ కాక ఫారం బి నకలు తీసుకున్నాను. ఫారం బి అంటే గనిలో చేరిన రోజు మనిషి పేరు, తండ్రి పేరు, ఊరు, ఒంటిమీద గుర్తులు రాసే రిజిస్టరు. అందులో స్పష్టంగా ఉంది. పేరు డెక్కర్ పీటర్, తండ్రి జేకబ్, ఊరు బందరు, గుర్తు ఎడమ కాలికి ఆరు వేళ్ళు. దానితోపాటే పీటర్ కాక రిటైర్మెంటు నాటి కాగితం కూడా వచ్చింది. "గుర్తులు స్వయంగా సరిచూడడమైనది" అన్న వాక్యం, కింద సంతకం. సంతకం నాదే! ఎంత పద్ధతిగా పనిచేశానో అని మురిసిపోయాను కూడా.

రెండో చివరకోసం బందరు వెళ్ళాను. డచ్చివాళ్ళు ఇంగ్లీషువాళ్ళకంటే ముందే అక్కడ దిగి బట్టల వ్యాపారం చేశారు. వలందపాలెం అనే పేట పేరు వాళ్ళవల్ల వచ్చిందే. వ్యాపారం పోయింది, ఓడలు పోయాయి. కొందరు మాత్రం ఇక్కడి ఆడవాళ్ళను పెళ్ళాడి ఉండిపోయారు. నాలుగు తరాలు తిరిగేసరికి తెల్ల రంగు పోయి, భాష పోయి, ఇంటిపేరొక్కటే మిగిలింది. హాలండ్ వాళ్ళు పాత కాగితాల ఫోటోలు ఇంటర్నెట్‌లో పెట్టారు. వాటిలో యాన్ డెక్కర్ అనే ఓడ వడ్రంగి దొరికాడు. అక్కడినుంచి చర్చి బాప్టిజం రిజిస్టర్లు పట్టుకుని ఒక్కొక్క మెట్టే దిగాను. మూడు రోజుల తరవాత జేకబ్ దొరికాడు. జేకబ్ కొడుకు పీటర్ కూడా దొరికాడు. ఆ సాయంత్రం చర్చి మెట్లమీద కూర్చుని రెండు కప్పుల టీ తాగాను, నాకు నేనే దావత్ ఇచ్చుకున్నట్టు.

మర్నాడు మిగతా రిజిస్టర్లు తిప్పడం కేవలం నా అలవాటు. పెళ్ళిళ్ళ రిజిస్టర్లో జేకబ్ కొడుకు పీటర్ పెళ్ళి ఉంది. బందరులోనే, బందరు పిల్లతో. మన పీటర్ కాక అప్పటికి ఖనిలో డ్యూటీ చేస్తున్నాడు. పొరపాటేమో అనుకున్నాను. సమాధుల రిజిస్టరు తీశాను. జేకబ్ కొడుకు పీటర్ నాలుగేళ్ళ కిందట చనిపోయాడు. పేజీమీద వేలు పెట్టి పేరు, తండ్రి పేరు మళ్ళీ చదివాను. చచ్చిపోయినట్టు రాసి ఉన్న మనిషితో నేను వారం కిందటే మాట్లాడి వచ్చాను!

చర్చివాళ్ళు చెప్పిన గుర్తులు పట్టుకుని ఆ పీటర్ కూతురు హెలెన్ ఇంటికి వెళ్ళాను. కుట్టుమిషను ముందు కూర్చుని ఉంది.

"గోదావరిఖని నుంచి వచ్చారా?" అని నవ్విందావిడ. "మా నాన్న కుర్రతనంలో అక్కడ గనిలో చేరారండి. నెల తిరక్కముందే పక్కవాడి మీద పైకప్పు కూలిందట. భయపడి పారిపోయి వచ్చేశారు. గనిలోకి దిగడానికి ఇచ్చే టోకెన్ బిళ్ళ ఎవరికో ఇచ్చేశారట. 'నేనిక్కడున్నా నా పేరు మాత్రం ఖనిలో బొగ్గు తవ్వుతోందే' అని మాతో అనేవారండి."

"అమ్మా, నాన్నగారి కాలికి ఏమైనా..."

"ఆరు వేళ్ళండి, ఎడమకాలికి. బజార్లో చెప్పులు పట్టేవి కాదు. కుట్టించుకునేవారు."

గుర్తులు స్వయంగా సరిచూడడమైనదట! రిటైరయ్యే మనిషిని బూట్లు విప్పమని ఎవరడుగుతారు? పేరు చదివేవాణ్ణి, మనిషి తలూపేవాడు, నేను సంతకం పెట్టేవాణ్ణి. ఎన్ని వందల కాగితాలమీద అలా పెట్టానో తలుచుకుంటే సిగ్గుతో చచ్చిపోవాలనిపించింది. మారు పేర్ల సంగతి నాకు తెలియదా అంటే, తెలుసు. భయపడి వెళ్ళిపోయేవాడు తన బిళ్ళ ఇంకొకడికి ఇచ్చేవాడు, ఆ ఇంకొకడు జన్మంతా ఆ పేరుతోనే గని దిగేవాడు. ఖనిలో అది అందరికీ తెలిసిన గుట్టు. కానీ పీటర్ కాక! తాతల గురించి అంత చెప్పే మనిషి!

ఖనికి రాగానే తిన్నగా వాళ్ళింటికి వెళ్ళాను. టీచర్ లోపల టీ పెడుతోంది. కాక మంచంమీద దిండ్లకు ఆనుకుని ఉన్నాడు. పాదాలు దుప్పటి బయట ఉన్నాయి. ఎడమకాలి వేళ్ళు లెక్కపెట్టాను. ఐదు. మళ్ళీ లెక్కపెట్టాను. ఐదే.

నా చూపు ఎక్కడుందో కాక చూశాడు. కాళ్ళు లోపలికి లాక్కున్నాడు.

"బందరు పోయొచ్చినవా, రాజన్నా?"

"పోయొచ్చిన కాకా. హెలెన్ అని, అసలు పీటర్ బిడ్డ ఉన్నది."

కాక కాసేపు ఎగపోశాడు. తరవాత గొంతు తగ్గించి చెప్పాడు. "నాది కమాన్‌పూర్. నా పేరు మల్లయ్య. నన్ను పనిల పెట్టుకోలె. గేటుకాడ ఏడుస్తుంటే పీటర్ అన్న తన బిళ్ళ నా చేతుల పెట్టిండు. చాయ తాపి వాళ్ళ తాతల ముచ్చట అంత చెప్పిండు, ఎవలన్న అడిగితె తడబడొద్దని. పీటర్ అంటే మనోడే అని చర్చోళ్ళు పండుగకు పిలిసిండ్రు. పోయిన. ఆన్నే సుగుణ కనపడ్డది. రాజన్నా, పేరు అబద్ధం గని ప్రార్థన అబద్ధం గాదు. బిడ్డకు చెప్పకు. నీ కాళ్ళు మొక్కుత."

"కాకా, నన్ను పెట్టుకున్నది ఆమె. అబద్ధం రాసియ్యలేను. నువ్వు చెప్తవా, నేను చెప్పాల్నా?"

మాట పూర్తికాకముందే టీచర్ టీ పట్టుకుని వచ్చింది. మా ముఖాలు చూసి ఆగిపోయింది. "ఏమైంది నాయినా?"

కాక కళ్ళు మూసుకుని చెప్పేశాడు. "మనం డచ్చోళ్ళం కాదు బిడ్డా. నేను పీటర్‌ను గాదు. నా పేరు మల్లయ్య."

కేకలు వేస్తుందనుకున్నాను. బల్లమీద కప్పులు పెట్టి, మంచం పట్టె పట్టుకుని నేలమీద కూలబడింది.

"అమ్మకు ఎర్కేనా?"

"ఎర్కే. లగ్గానికి ముందే చెప్పిన. మొగని పేరు నోట తియ్యొద్దంటరు గద. నలుగుట్ల పీటర్ అని అననే అనకపోయేది. ఎవ్వలు లేనప్పుడు మాత్రం మల్లయ్యా అని పిలిచేది."

టీచర్ ముఖం రెండు చేతుల్లో దాచుకుంది. ఏడుపు చాలాసేపు ఆగలేదు. నాకు కారణం తోచలేదు. పోయింది డచ్చి తాతలే కదా, ఇంత ఏడుపా అనుకున్నాను.

"దవాఖానల ఆఖరి మూడు రోజులు అమ్మ మల్లయ్యా, మల్లయ్యా అని ఒక్కటే తీర్గ పిలిచింది" అంది చివరికి. "నాయిన అప్పుడు జరంతోని ఇంట్ల ఉండె. ఎవడో పరాయోడు అనుకున్న రాజన్నా. మా అమ్మను అట్ల అనుకున్న. ఆరేండ్లాయె, గోరీకాడికి పోలె. ఒక్క పువ్వు పెట్టలె."

కాక చెయ్యి ఆమె తలమీద పెట్టాడు. "నన్నే పిలిచిందా?" అని అడిగాడు. "మూడొద్దులు నన్నే పిలిచిందా, బిడ్డా?"

నేను అక్కడ ఉండలేకపోయాను. చెప్పులు చేత్తో పట్టుకుని బయటికి వచ్చేశాను.

డెక్కర్ల వృక్షం అసలు వారసురాలైన హెలెన్‌కు పంపించాను. మరుసటి ఏడు వానాకాలంలో కాక పోయాడు. టీచర్ తెచ్చిపెట్టిన రాయి వృథా కాలేదు. ఇప్పుడది తల్లిదండ్రులిద్దరికీ కలిపి ఉంది. "సుగుణమ్మ. ఆమె భర్త మల్లయ్య పీటర్." ఆదివారం ప్రార్థన అయ్యాక టీచర్ అటే వెళ్తుంది.

ఆ రాయి చూశాక నా ఫారం మార్చాను. తల్లి గడి ఇప్పుడు పైన ఉంటుంది. అది నింపనిదే నేను పని మొదలుపెట్టను. అమ్మది వద్దండీ అని ఎవరైనా అంటే పెన్ను కింద పెట్టి, కుర్చీ చూపించి, ఎందుకు వద్దో ముందు అదే చెప్పమంటాను.