వంక దాటిన టపా సంచి

పాత టపా దారిలో ఆదోని నుంచి ఎమ్మిగనూరుకు సంచి నేల తాకకుండా చేరిందని ఒక వీడియో ఊరంతా తిరుగుతోంది. అది అబద్ధం. ఆ రోజు వరసలో ఆఖరి బండి నాది. అందుకే రాసిపెడుతున్నాను.

సైన్యంలో మోటార్ సైకిల్ మీద ఉత్తర్వులు మోసినవాణ్ణని, పాత దారిలో బండ్లమీద టపా సంచి చేర్చాలనుకున్న మోటార్ సైకిల్ క్లబ్బువాళ్లు నన్ను పిలిచారు. ఆరు గంటలకు ఆదోనిలో హాజరయ్యాను. మే నెల. క్లబ్బు కెప్టెన్ ఏడున్నరకు వచ్చాడు. ఏ సైన్యానికి కెప్టెనో ఎవరూ అడగలేదు. మోకాళ్లకు కవచాలు, హెల్మెట్టుకు కెమెరా. కూలికి పోయే ఆడవాళ్లు వట్టికాళ్లతో నడిచే దారికి ఇంత సరంజామా.

కాలినడకన టపా మోసిన పాత రన్నర్ల గురించి గ్రంథాలయంలో చదివి వాళ్లకు రాసిచ్చింది నేనే. సంచి భుజం నుంచి భుజానికే మారాలి. నేల తాకకూడదు. సగం దారిలో, వంక అని పిలిచే చిన్న వాగు ఒడ్డున, సంచి మార్చుకునే బండ ఉంది. అక్కడి రన్నరు ఒక ఎండాకాలం సంచితో బయలుదేరి, వంక దాటకముందే పడి చనిపోయాడు. ఆయన మనవరాలు ఈరమ్మ ఈసారి సంచిని వంక తాను దాటిస్తానని అడిగింది. కెప్టెన్ మాట ఇచ్చాడు.

బండ దగ్గరికి తారురోడ్డు దిగి మట్టిబాట పట్టాలి. ముందున్న కెప్టెన్ బండి దిగలేదు. వాకీటాకీలో అడిగాను.

"దుమ్ము ఎక్కువ సార్. కెమెరాలు పాడవుతాయి."

మా మెకానిక్ ఆదోనివాడు, ఇంకో బండి మీద నుంచి అతనూ వాకీటాకీ అందుకున్నాడు. "రన్నర్లు దుమ్ముకు బయపడింటే మనకు జాబులే వచ్చిండవు గదప్పా" అన్నాడు. కెప్టెన్ వాకీటాకీ కట్టేశాడు.

కొంతదూరంలో అందరూ ఉగ్గాని తింటూ కనిపించారు. కెప్టెన్ సంచిని నేలమీద వేసి, దానిమీద కూర్చుని, రన్నర్ల త్యాగం గురించి కెమెరాకు చెబుతున్నాడు. లేవమన్నాను. లేచాడు. సంచి భుజాన వేసుకుని వెనక్కి తిరిగాను.

బండ దగ్గర ఈరమ్మ ఎండలో నిలబడే ఉంది.

"బండ్లన్నీ యాడ పోయినాయప్పా?"

ముందుకు పోయాయన్నాను. సంచికి అంటిన మన్ను చూసింది. కొంగుతో తుడిచి భుజానికెత్తుకుంది. వంకలో నీళ్లు లేవు, ఇసుకే. చెప్పులు విడిచి దిగింది. నేను మొదటి గేరులో వెనకాలే వెళ్లాను. అవతలి గట్టెక్కి సంచి నా భుజానికి మార్చింది.

"తీసుకోప్పా. ఈడికి మా తాత పని అయిపాయ."

నేను ఎమ్మిగనూరు చేరేసరికి కెప్టెన్ ఎవరిదో గోనెసంచి భుజాన వేసుకుని వీడియోకు ముగింపు తీయించేసుకున్నాడు. అసలు సంచి ఎవరికీ అక్కర్లేకపోయింది. తిరుగుదారిలో ఈరమ్మకే ఇచ్చాను. తన ఇంటి గోడకున్న మేకుకు తగిలించింది.

పుస్తకాలు వెతికిచ్చిన గ్రంథాలయం సుంకన్నకు, మెకానిక్ మహబూబ్‌కు కృతజ్ఞతలు. ఈరమ్మకు కూడా. ఇసుకలో నా టైరుకు ముందు ఒక్కొక్కటిగా పడుతూ పోయిన ఆమె అడుగులు నా కళ్లలో ఇంకా చెరగలేదు.