కరిగింది మైనమే

2023 ఎండాకాలం. హిందూపురంలో ఒక ల్యాబులో నేను హిస్టోపాథాలజీ టెక్నీషియన్ని. రోగి ఒంట్లోంచి తీసిన ముక్కను మైనంలో పెట్టి, వెంట్రుక కంటే సన్నగా కోసి, గాజు పలకల మీదికి ఎక్కించడం నా పని. ఆ మైనం దిమ్మెను బ్లాక్ అంటాం. రిపోర్టు మీద డాక్టరు పేరే ఉంటుంది, మా పేరు ఉండదు. పోనీ, ఏం కొంప మునిగింది!

ధర్మవరంలో పట్టుచీరలు నేసే లక్ష్మమ్మకు ఊపిరితిత్తుల క్యాన్సర్ అని మా దగ్గరే తేలింది. బీడీ పొగ ఎరగని మనిషి. ఇలాంటివాళ్లలో కొందరికి గడ్డ జన్యువులో ఒక మార్పు ఉంటుందనీ, ఉంటే మాత్రలతోనే దాన్ని అణచవచ్చనీ పరిశోధనల్లో తేలింది. ఆ పరీక్ష బెంగళూరులో చేస్తారు. బ్లాకును చిన్న డబ్బాలో పెట్టి ఆమె కొడుకు నాగరాజు చేతికిచ్చి పంపాను.

నాలుగు రోజులకు అతను బెంగళూరు పోకుండా నా దగ్గరికే వచ్చాడు. డబ్బా తెరిస్తే మైనం కరిగి అడుగుకు అంటుకుపోయింది.

"ఏమప్పా, యాడ పెట్టినావు దీన్ని?"

"మగ్గం మీద చీర ఉండాది, దించినాక పోదామనుకుంటినక్కా. రోగం ముక్క మగ్గమున్న ఇంట్లో ఉండగూడదని మా అవ్వ లోపలికి రానీలేదు. ఇంటిపైన రేకుల మీద పెట్టినా."

సగం తప్పు నాదే. అది అంటుకునే రోగం కాదనీ, ఎండ తగలనీయొద్దనీ నేను చెప్పలేదు.

మా పెద్ద డాక్టరు చూసి పెదవి విరిచారు. "పనికిరాదు. మళ్లీ సూదితో ముక్క తీయించుకోమను."

లక్ష్మమ్మ నాలుగడుగులకే ఆయాసపడుతోంది. ఇంకో సూదికి ఆమె తట్టుకోలేదని ఆస్పత్రివాళ్లు ముందే చెప్పారు. నాకు ఒళ్లు మండింది.

"కరిగింది మైనమే సార్, ముక్క కాదు. మళ్లీ పోస్తాను."

"లాభం లేదమ్మా."

"ఆ మాట బెంగళూరువాళ్లు చెప్పనీండి. మనమెందుకు చెప్పాలి?"

పదిహేనేళ్లలో ఆయనకు ఎదురుచెప్పడం అదే మొదలు. డబ్బాను వేడిచేసి, నూలుపోగంత ముక్కను ఫోర్‌సెప్స్‌తో ఏరి కొత్త మైనంలో పెట్టాను. ఒక పలక కోసి మైక్రోస్కోపు కింద పెడితే కణాలు చెక్కుచెదరలేదు. ఆయన చూసి, బెంగళూరుకు పంపే కాగితం మీద సంతకం పెట్టారు.

నాగరాజు ఫోన్లోనే అవ్వతో మాట్లాడాను. "అవ్వా, ఇది రోగం కాదు. నీ కోడలికి ఏ మందు పనిచేస్తాదో చెప్పే ముక్క."

"అట్లని ముందే చెప్పొద్దా తల్లీ! ఒళ్లో పెట్టుకోని పొమ్మను వాణ్ని."

బెంగళూరు పరీక్షలో మార్పు ఉందని తేలింది. మాత్రలు మొదలయ్యాయి. రోగం పూర్తిగా పోలేదు గానీ, ఆరు నెలలకు లక్ష్మమ్మ మా ల్యాబు మెట్లు తనే ఎక్కి వచ్చింది.

"నన్ను పనికిరాదనిరంట గదా?"

"నిన్ను కాదక్కా, డబ్బాలో ముక్కను."

"రెండూ ఒకటే లేమ్మా," అని నవ్వింది.

ఆ మాట నాకు బాగా తగిలింది. అప్పటినుంచి కోసి చూడకుండా ఏ ముక్కనూ వదలను. మా డాక్టరు ఇప్పటికీ "పనికిరాదు" అనబోయి, ఒకసారి నావైపు చూస్తారు. నేనూ చూస్తాను.