పుట్టి లోపల డాంబరు

మా అన్న పెళ్ళిచూపులను నేను తుంగభద్రలో ముంచేశానని మా బంధువుల్లో ఒక పుకారు ఉంది. అది అబద్ధం. ముంచి ఉంటే ఇంత మాట పడేవాణ్ణే కాదు. ఒక్క చుక్క నీరు లోపలికి రాకుండా అందరినీ అవతలి గట్టుకు చేర్చాను. కొంప మునిగింది అక్కడే, వినండి.

ఎనభైల నాటి మాట. బళ్ళారి బజారులో మాకు ఇత్తడి సామాన్ల అంగడి ఉండేది. మా అన్న నాగరాజు ఒక్క బిందె గురించి గంటసేపు మాట్లాడగలడు. పెళ్ళిచూపుల్లో అమ్మాయి ఎదురుగా కూర్చుంటే మాత్రం నోరు పెగలదు. పిల్లోడు మూగవాడేమోనన్న అనుమానంతోనే మూడు సంబంధాలు పోయాయి. నాలుగోది సిరుగుప్ప దగ్గర ఏటి అవతలి ఊళ్ళో దొరికింది. ఇదీ తప్పితే ఇక వెతికేది లేదని నాయన తేల్చేశాడు.

ఆ ఊరికి పోవాలంటే పుట్టి ఎక్కాలి. వెదురు బద్దలతో అల్లిన పెద్ద గుండ్రటి బుట్టకు అడుగున పట్టా కుట్టి, డాంబరు పూస్తే అదే పుట్టి. పుట్టి నడిపే మల్లప్ప దగ్గర ఉన్నది ఒక్కటే, అదీ పాతది. రాళ్ళకు రాసుకుని రాసుకుని దాని అడుగు అరిగిపోయింది. దగ్గరుండి కొత్త పట్టా వేయించమని నాయన నన్ను ఒక రోజు ముందే పంపాడు. నేను అప్పుడే డిప్లొమా పూర్తిచేశాను. కనబడిన ప్రతి వస్తువూ ఎలా పనిచేస్తుందో తెలుసుకోకపోతే నాకు అన్నం సయించేది కాదు.

మల్లప్ప పుట్టిని బోర్లించి పాత పట్టా ఊడబెరికాడు. యూరియా సంచులు విప్పి కుట్టిన కొత్త పట్టాను దబ్బనంతో అంచుల వెంట బిగించాడు. డబ్బాలో డాంబరు కరగబెట్టి చీపురుతో పూశాడు. నేను వెనకాలే తిరుగుతూ, వెదురే ఎందుకు, గుండ్రంగా ఎందుకు, చీపురు ఎందుకు అని ఆయన ప్రాణం తోడేశాను. అన్నిటికీ ఓపిగ్గా చెప్పాడు. లోపల కూడా ఎందుకు పూయవని అడిగేసరికి ఆ ఓపిక అయిపోయింది.

"నీళ్ళు యాడుంటాయప్పా, బయటనా లోపలనా?" అన్నాడు.

ఇది జవాబా, మీరే చెప్పండి. బయటి పూత పోతే లోపలి పూత కాపాడదా? సాయంత్రానికి డాంబరు గట్టిపడ్డాక ఆయన పుట్టిని తిప్పిపెట్టి ఇంటికి పోయాడు. డబ్బాలో డాంబరు మిగిలి ఉంది, నా తలలో డిప్లొమా ఉంది. ఒక్క వెదురు బద్ద కూడా కనబడకుండా లోపలంతా దట్టంగా పూసేశాను.

పొద్దున చూస్తే లోపల నల్లటి గచ్చులా చల్లగా మెరుస్తోంది. మల్లప్ప బొటనవేలితో నొక్కి చూశాడు, తర్వాత నన్ను చూశాడు. గడ్డి పరుస్తానన్నాడు. గడ్డి వేస్తే అమ్మ పట్టుచీర పాడవుతుందని నేను వద్దన్నాను. ఆయన తన వరకు ఒక గోనెసంచి వేసుకున్నాడు.

అమ్మ, నాయన, అన్న బస్సు దిగి వచ్చారు. అందరం పట్టుబట్టలతో ఆ కొత్త నేల మీద బాసింపట్టు వేసుకుని కూర్చున్నాం. అది శుక్రవారం. అవతలి గట్టు దగ్గరికి వచ్చేసరికి పదిన్నర దాటి రాహుకాలం పట్టింది. నాయనకు దేవుడెంతో రాహుకాలం అంత.

"పన్నెండు అయ్యేదాకా ఎవురూ దిగాకండి" అన్నాడు.

గట్టు మీద గొడుగులతో అమ్మాయి తరఫువాళ్ళు, పది అడుగుల దూరంలో నీళ్ళలో మేము. గంటన్నర సేపు రెండు వైపులా వానల గురించి, వరి గురించి మాట్లాడుకున్నాం. నెత్తిన ఏప్రిల్ ఎండ. పదకొండున్నరకు నా కింద ఏదో మెత్తబడుతున్నట్టు తోచింది. సంగతేమిటో చూద్దామని కదలబోయాను. కదల్లేకపోయాను.

పన్నెండయింది. పుట్టి గట్టుకు ఆనగానే అమ్మాయి తండ్రి చెయ్యి అందించాడు. నాయన లేవబోతే ఆయనతో పాటు పుట్టి కూడా లేవబోయింది. రాహుకాలం ఇంకా పోలేదా అని ఆ పెద్దమనిషి మర్యాదగా అడిగాడు. మల్లప్ప ఒక్కడే గోనెసంచి మీద నుంచి హాయిగా లేచి, కిరసనాయిలు తెమ్మని కేకేశాడు.

తల వంచుకుని కాఫీ తేవాల్సిన అమ్మాయి కిరసనాయిలు డబ్బా, పాత గుడ్డలు పట్టుకుని మోకాటి లోతు నీళ్ళలోకి వచ్చేసింది. పేరు వనజ. పుట్టిలోకి తొంగిచూసి అడిగింది:

"లోపల డాంబరు పూసిన తెలివిగల్లోడు ఎవురు?"

నాయన నావైపు తిరిగి నోరు తెరిచాడు. అంతలో మా అన్న, ఏ పెళ్ళికూతురి ముందూ పెదవి విప్పని మా అన్న, మాట్లాడాడు.

"నేనే."

ఆ పిల్ల నవ్వాపుకోలేక మొదటి గుడ్డ అతనికే ఇచ్చింది. యాడ రుద్దాల, ఈడనా, ఇంకొంచెమా అంటూ వాళ్ళిద్దరూ అరగంట మాట్లాడుకున్నారు. నాయన పట్టుపంచెలో జానెడు ముక్క పుట్టిలోనే ఉండిపోయింది. ఆయన తువ్వాలు చుట్టుకుని తాంబూలాలు మార్చుకున్నాడు.

ఎందుకు అబద్ధమాడావని చాలా ఏళ్ళకు అన్నను అడిగాను.

"నాయన కింద అతుక్కున్న్యాడు గానీ, చేతులు అతుక్కోలేదు కదరా" అన్నాడు.

నాకు నవ్వొచ్చింది, వెంటనే ఏడుపూ వచ్చింది. వదిన మాత్రం ఆ ఘనకార్యం అన్నదేనని ఈనాటికీ నమ్ముతోంది. ఇంట్లో ఏది చెడినా, "నువ్వు ముట్టుకోవాకు, మీ తమ్ముణ్ణి పిలువు" అంటుంది.

కాబట్టి పాఠకుల సాక్షిగా, తుంగభద్ర నీళ్ళు దోసిట పట్టి ప్రమాణం చేస్తున్నాను: ఇక ఏ వస్తువుకూ లోపలివైపు ఏమీ పూయను, గడ్డి పరుస్తానన్నవాణ్ణి వద్దనను. వదినకు నిజం చెబుతానని కూడా ఒట్టు వేద్దామనుకున్నాను. అన్న నా చెయ్యి పట్టుకుని ఆపేశాడు. పెళ్ళయిన నాటి నుంచి ఆ ఇంట్లో ఆయనకు ఒక్క మేకు కొట్టే పని కూడా పడలేదట.