అన్నయ్య ట్రాక్టరు

ఆవిడను అందరూ కందకాల టీచరమ్మ అంటారు. పేరుకే టీచరు, బడి లేదు, బల్ల లేదు. వాలు నేలలో వాననీటిని నిలబెట్టడం ఎలాగో రైతుల చేత చేయించి నేర్పుతుంది. మూడు కర్రలు కట్టి నడుమ తాడుకు రాయి వేలాడదీసిన చట్రంతో మట్టం చూడాలి, వాలుకు అడ్డంగా కందకం తవ్వాలి, ఆ మట్టిని గట్టుగా పోసి గడ్డి నాటాలి, నేలను ఆకులతో కప్పాలి. చెప్పీ చెప్పీ గొంతు బొంగురుపోయింది. వంగీ వంగీ నడుం పట్టేసింది. ఎక్కడెక్కడి వాళ్ళో వచ్చి నేర్చుకున్నారు గానీ, సొంత అన్నయ్య మాత్రం చెవిన పెడితే ఒట్టు!

పాఠాలకు వాడుకునే వాలు నేల ఆ అన్నయ్యదే. కాళ్ళావేళ్ళా పడి అడిగి తీసుకుంది. అది పోతే ఆవిడకు నేర్పే చోటే లేదు.

"ఈ వానలకు కింద బావిలో నీళ్ళు పైకి రాకపోతే నీ గుంతలన్నీ పూడ్చేస్తా. తర్వాత నన్ను ఆడిపోసుకోకు" అని ముందే చెప్పాడు.

"ముందు నేల తాగాలి అన్నయ్యా. ఆ తర్వాతే బావికి."

"ఏటా ఇదే పాట!"

వానలు పడ్డాయి, వెలిశాయి. బావిలో నీళ్ళు మాత్రం ఎక్కడివక్కడే ఉన్నాయి. పక్క చేలల్లో అప్పుడే దుమ్ము లేస్తోంది.

ఆ ఉదయం కొత్తవాళ్ళకు మట్టం చూపిస్తుంటే కింద ట్రాక్టరు చప్పుడైంది. బండి వెనక మట్టి తోసే బ్లేడు బిగించుకుని అన్నయ్య వచ్చేస్తున్నాడు.

"మేడం, ఆపండి!" అంది నేర్చుకోవడానికొచ్చిన ఒకావిడ.

"ఆపితే ఆగే మనిషేనా?"

పోట్లాడటానికి ఆవిడకు ఓపిక లేదు. చట్రం కింద పెట్టి గట్టు మీద చతికిలబడింది. పూడిస్తే పూడ్చనీ, పీడా పోతుంది అనుకుంది. అనుకున్నందుకు కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. ఇన్నేళ్ళ చాకిరీ మరి!

ట్రాక్టరు మొదటి కందకం దాకా వచ్చింది. ఇంకాస్త ఎక్కితే గట్టు మీదే. అంతలో వెనక చక్రం సర్రుమని తిరిగింది. అన్నయ్య గేరు మార్చాడు, ఇంజను అరిచింది, బండి ముందుకు పోవడానికి బదులు కిందికి దిగింది. ఒకప్పుడు గునపం కూడా దిగని నేల అది. ఇప్పుడు సగం చక్రాన్ని మింగి కూర్చుంది.

అందరూ వెళ్ళి భుజాలు ఆనించారు. ఆవిడా ఆనించింది, నడుం కలుక్కుమన్నా. బురద చిమ్మి అన్నయ్య చొక్కా, మీసం ఏకమయ్యాయి. బండి అంగుళం కదల్లేదు. చివరికి ఆయన ఇంజను ఆపి దిగాడు, దిగిన కాలు చీలమండ దాకా కూరుకుపోయింది. వంగి గుప్పెడు మట్టి తీశాడు. పిసికాడు. వేళ్ళ సందుల్లోంచి నీళ్ళు కారాయి.

తర్వాత చెల్లెలి మీద విరుచుకుపడ్డాడు.

"ఇక్కడింత తడి ఉందని ముందే చెప్పి ఏడవొచ్చుగా!"

"చెప్తూనే ఉన్నా కదన్నయ్యా" అంది ఆవిడ, ఆయాసపడుతూ. "ఇన్నేళ్ళ నుంచీ."